ఉదజని, జలజనక, హైడ్రోజన్: శాస్త్ర పదాల పుట్టుపూర్వోత్తరాలు

ప్లాటినం జూబ్లీ అన్న రెండు మాటలలో ఒక్కటి కూడా ఇంగ్లీషు గడ్డపై పుట్టినది కాదు. జూబ్లీకి మూలం హీబ్రూ భాషలోని 'యోబెల్'. ఆ మాటకు పొట్టేలు కొమ్ము అని అర్థం. యూదులు యాభయ్యవ సంవత్సరాన్ని ఆ కొమ్ముబూర ఊది లోకానికి చాటేవారు. గ్రీకు, లాటిన్ భాషల మీదుగా ఆ మాట యూరప్ అంతటా పాకింది. ఇక ప్లాటినం స్పానిష్ వారిది. 'ప్లాతా' అంటే వెండి. 'ప్లాతీనా' అంటే చిన్న వెండి, చిన్నచూపుతో పెట్టిన పేరు. దక్షిణ అమెరికాలోని నేటి కొలంబియా ప్రాంతంలో నదుల ఇసుక కడిగి బంగారం ఏరుకునే వారికి తెల్లని, బరువైన రేణువులు అడ్డు తగిలేవి. అవి కొలిమిలో కరిగేవి కావు. బంగారంలో కలిస్తే విడదీయడం కష్టం. అందుకే వాటిని పనికిమాలినవిగా ఎంచి పారవేసేవారు. 1748లో ఆంటోనియో దె ఉల్లోవా అనే స్పానిష్ నౌకాదళ అధికారి తన యాత్రా గ్రంథంలో ఈ లోహాన్ని వర్ణించాడు. దానిని కరిగించడానికి సుమారు 1,768 సెంటీగ్రేడ్ డిగ్రీల వేడి కావాలని తరువాతి కాలంలో తెలిసింది. ఒకనాడు నదిలోకి విసిరిన ఆ 'చిన్న వెండి' పేరనే నేడు డెబ్బై అయిదేళ్ళ పండుగ జరుగుతోంది.

ఒక మాట పుట్టుక తెలిస్తే దాని వెనుక ఉన్న మనుషులు, వారి పనులు, వారి పొరపాట్లు కళ్ళకు కడతాయి. మాట మీద భయం పోతుంది. తెలుగు మాధ్యమంలో పదవ తరగతి ముగించి కళాశాలలో విజ్ఞానశాస్త్రం చదవబోయే విద్యార్థికి మొదట ఎదురయ్యేది ఈ భయమే. పాఠం అర్థం కాక వెనుదిరిగిన వారికన్నా పేర్లు నోరు తిరగక వెనుదిరిగిన వారు తక్కువేమీ కారు. 'ఫోటోసింథసిస్' అన్న మాట గోడలా నిలబడినప్పుడు, ఆ గోడకు అవతల ఉన్నది తాను ఎనిమిదేళ్ళ క్రితమే తెలుగులో నేర్చుకున్న ఆకు వంట సంగతేనని ఆ పిల్లవానికి చెప్పేవారు కావాలి. రాయచూరు జిల్లా వంటి బహుభాషా సీమలో ఈ సంగతి చెప్పడానికి కావలసిన సాక్ష్యాలన్నీ చేతికందే దూరంలోనే ఉన్నాయి.

మస్కి రాయి చెప్పే సంగతి

ఈ జిల్లాలోని మస్కిలో 1915లో బంగారు గనుల ఇంజనీరు బీడన్ ఒక శిలాశాసనాన్ని గుర్తించాడు. అదే ఏట శాసన పండితుడు హెచ్. కృష్ణశాస్త్రి దానిని పరిష్కరించి ప్రకటించాడు. అంతవరకు దొరికిన ధర్మశాసనాలలో రాజు పేరు దేవానాంప్రియుడు, ప్రియదర్శి అనే కనిపించేది. ఆ రాజు అశోకుడేనని శాసనం మీది పేరుతోనే తేల్చి చెప్పిన మొదటి రాయి మస్కిది.

అదే అశోకుని మరొక శాసనం 1958లో ఆఫ్ఘనిస్తాన్‌లోని కాందహారులో బయటపడింది. అది గ్రీకు, అరమాయిక్ భాషలలో చెక్కినది. మస్కిలో ప్రాకృతంలో మాట్లాడిన చక్రవర్తి అక్కడి ప్రజలతో వారి భాషలోనే మాట్లాడాడు. ధర్మం అన్న మన మాటకు అక్కడి అనువాదకుడు 'యుసెబేయా' అన్న గ్రీకు పదాన్ని వాడాడు. దైవం పట్ల, పెద్దల పట్ల భక్తి అని ఆ పదానికి స్థూలంగా అర్థం. ఒక భాషలోని భావానికి మరొక భాషలో పేరు వెదకడం క్రీస్తుకు పూర్వం మూడవ శతాబ్దంలోనే ఈ దేశపు రాజ్యవ్యవహారంలో భాగమై ఉండేదన్నమాట. గ్రీకు మాటలు మనకు కొత్త చుట్టాలు కావు.

గనిలో దొరికే లాటిన్

మస్కికి సమీపంలోనే హట్టి బంగారు గనులున్నాయి. ప్రాచీన కాలంలోనే అక్కడ లోతైన తవ్వకాలు జరిగాయి. 1947లో హైదరాబాద్ గోల్డ్ మైన్స్ పేర స్థాపితమైన సంస్థ తరువాత హట్టి పేరు ధరించింది. కోలారు గనులు 2001లో మూతపడిన తరువాత దేశంలో బంగారం తీస్తున్న ప్రధాన గని ఇదే.

హట్టిలో తీసే లోహాన్ని ఇంగ్లీషులో గోల్డ్ అంటారు. రసాయనశాస్త్రంలో మాత్రం దాని గుర్తు 'ఏయూ'. ఈ రెంటికీ పొంతన లేదని పిల్లలు తికమకపడతారు. 1813, 14 సంవత్సరాలలో స్వీడన్ శాస్త్రజ్ఞుడు బెర్జీలియస్ మూలకాలకు అక్షర సంకేతాలు ఏర్పరచినప్పుడు ఏ ఒక్క దేశపు వాడుక భాషనూ తీసుకోలేదు. పండితులందరికీ ఉమ్మడిగా ఉన్న లాటిన్ పేర్లను ఎంచుకున్నాడు. లాటిన్‌లో బంగారం 'ఆరమ్', ఇనుము 'ఫెర్రమ్', వెండి 'అర్జెంటమ్', సీసం 'ప్లంబమ్'. రోమనులు నీటి గొట్టాలను సీసంతో చేసేవారు కనుక నేడు ఇంటికి వచ్చి నల్లా బాగు చేసే ప్లంబరుకు ఆ సీసం పేరే మిగిలింది. గొట్టం ప్లాస్టిక్‌దైనా పేరు మాత్రం సీసానిదే. రాగికి 'క్యూప్రమ్' అన్న పేరు సైప్రస్ ద్వీపం వల్ల వచ్చింది. పాదరసాన్ని గ్రీకులు 'హైడ్రార్గిరోస్' అన్నారు, అంటే నీటి వెండి. చూసినవారెవరికైనా తోచే పేరే అది. సోడియం గుర్తుకు మూలమైన 'నేట్రియం' ఈజిప్టులో దొరికే నేట్రాన్ అనే ఉప్పు నుంచి, పొటాషియం గుర్తుకు మూలమైన 'కేలియం' మొక్కల బూడిదకు అరబ్బీ పేరైన 'అల్ ఖలీ' నుంచి పుట్టాయి. ఇంత చెప్పిన తరువాత ఎన్‌ఏ, కె అన్న గుర్తులను బట్టీ పట్టవలసిన పని ఉండదు.

గనిని విడిచే ముందు మరొక్క మాట. భూమి లోపల తవ్వే దారిని సొరంగం అంటాము. ఇది సంస్కృతంలోని 'సురుంగ' నుంచి వచ్చింది. కౌటిల్యుని అర్థశాస్త్రంలో కనిపించే ఆ మాట గ్రీకులోని 'సిరింక్స్' నుంచి వచ్చిందని పలువురు పండితుల అభిప్రాయం. సిరింక్స్ అంటే పిల్లనగ్రోవి వంటి బోలు గొట్టం. వైద్యుని చేతిలోని సిరంజి కూడా ఆ గొట్టం నుంచే పుట్టింది. హట్టి గనిలోని సొరంగం, ఆసుపత్రిలోని సిరంజి ఒక తల్లి బిడ్డలే.

ఇచ్చిపుచ్చుకున్న మాటలు

మనం గ్రీకుల నుంచి తెచ్చుకున్న మాటలు ఇంకా ఉన్నాయి. వృత్తానికి మధ్యనున్న కేంద్రం గ్రీకు 'కెంట్రాన్'. మొనదేలిన ములుకు అని దాని అర్థం. వృత్తం గీయడానికి కర్కాటకపు ముల్లు గుచ్చే చోటు కనుక ఆ పేరు చెల్లింది. ఇంగ్లీషు సెంటర్ కూడా అదే. జ్యోతిషంలోని హోర, ఇంగ్లీషు అవర్ రెండూ గ్రీకు 'హోరా' సంతానమే.

ఇచ్చినవీ తక్కువ కావు. మన శర్కర గ్రీకులో 'సాఖరాన్' అయింది, లాటిన్‌లో 'సాఖరమ్' అయింది. చెరకు మొక్క శాస్త్రీయ నామంలోను, చక్కెర వ్యాధి గలవారు వాడే శాకరిన్ పేరులోను మన శర్కరే ఉంది. పిప్పలి 'పెపెరి'గా మారి పెప్పర్ అయింది. అల్లానికి సంస్కృత నామమైన శృంగవేరం గ్రీకుల నోట 'జింగిబెరిస్' అయి, జింజర్‌గా తిరిగి వచ్చింది.

అన్నింటికన్నా వింతైన ప్రయాణం త్రికోణమితిలోని 'సైన్'ది. క్రీ. శ. 499 నాటి ఆర్యభటుని గ్రంథంలో అర్ధజ్యా పట్టిక ఉంది. జ్యా అంటే వింటినారి. దానికే 'జీవా' అని మరొక పేరు. అరబ్బులు దానిని ధ్వనిని బట్టి 'జిబా' అని తీసుకున్నారు. అరబ్బీలో హ్రస్వాచ్చులు రాయరు కనుక తరువాతివారు దానిని 'జైబ్' అని చదివారు. జైబ్ అంటే వస్త్రపు మడత, ఎద భాగం. పన్నెండవ శతాబ్దంలో లాటిన్ అనువాదకులు ఆ అర్థాన్నే నమ్మి 'సైనస్' అని రాశారు. సైనస్ అన్నా మడత, ఒంపు అనే అర్థం. అలా మన వింటినారి ఒక పొరపాటు చదువు వల్ల వస్త్రపు మడతగా మారింది. ఆ జైబ్ అనే మాటే ఉర్దూ మీదుగా వచ్చి తెలుగులో జేబు అయింది. త్రికోణమితిని చూసి జంకే విద్యార్థి ఆ సైన్‌ను నిత్యం తన చొక్కాకు కుట్టించుకునే తిరుగుతున్నాడు.

'జని' అన్న రెండక్షరాలు

పద్ధెనిమిదవ శతాబ్దం చివరి వరకు యూరప్‌లో కూడా రసాయన పదార్థాల పేర్లు ఇష్టానుసారం ఉండేవి. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లావోయిజియే, అతని సహచరులు 1787లో ఒక నామకరణ పద్ధతిని ప్రకటించి దానికి క్రమం కల్పించారు. గ్రీకులో 'హుదోర్' అంటే నీరు. 'జెన్' అంటే పుట్టించేది. మండి నీటిని పుట్టించే వాయువుకు హైడ్రోజన్ అని పేరు పెట్టారు. 'ఆక్సిస్' అంటే పులుపు. ఆమ్లాలను పుట్టించేదని నమ్మిన వాయువుకు ఆక్సిజన్ అన్న పేరు నిలిచింది. 1790లో షాప్తాల్ సురేకారాన్ని పుట్టించేదన్న అర్థంలో నైట్రోజన్ అన్నాడు.

తెలుగు పాఠ్యపుస్తకాలు రాసిన పెద్దలు ఈ పేర్ల లోపలికి చూశారు. ఉదకాన్ని జనింపజేసేది ఉదజని. ఆమ్లాన్ని జనింపజేసేది ఆమ్లజని. నత్రజని కూడా ఆ వరుసలోనిదే. ఇందులో మరొక చమత్కారం ఉంది. ఉదకం, హుదోర్ రెండూ ఒకే ప్రాచీన ధాతువు నుంచి వచ్చినవి. జనించడం, 'జెన్' కూడా అంతే. ఉదజని అన్న పదం హైడ్రోజన్‌కు అనువాదం మాత్రమే అనుకుంటాము. వరుసకు అది పెదనాన్న బిడ్డ.

రాయచూరు పిల్లలకు మూడవ పేరు కూడా తెలుసు. పొరుగు వీధిలోని కన్నడ బడిలో అదే వాయువు జలజనక. ఆక్సిజన్ ఆమ్లజనక, నైట్రోజన్ సారజనక. తెలుగువారు కర్బనం అని లాటిన్ 'కార్బో' ధ్వనిని నిలుపుకోగా, కన్నడిగులు బొగ్గుకు తమ ఇంటి మాటైన ఇంగాల అన్నారు. పాత తెలుగు పుస్తకాలలోని బొగ్గుపులుసు గాలి కూడా అటువంటి ఇంటి మాటే. కార్బో అంటే బొగ్గే కనుక ముగ్గురూ చెప్పినది ఒకటే.

పేరు పెట్టినవారు పొరబడితే ఆ పొరపాటు కూడా తరతరాలకు సంక్రమిస్తుంది. ఆమ్లాలన్నింటిలోను ఆక్సిజన్ ఉండి తీరుతుందని లావోయిజియే భావించాడు. ఉప్పు నుంచి చేసే హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఆక్సిజన్ లేదని 1810లో హంఫ్రీ డేవీ నిరూపించాడు. అప్పటికి పేరు స్థిరపడిపోయింది. తెలుగువారి ఆమ్లజనిలోను, కన్నడిగుల ఆమ్లజనకలోను ఆ పొరపాటు చెక్కుచెదరకుండా ఉంది. ప్రాణవాయువు అన్న మన మరో పేరుకు మాత్రం ఆ దోషం అంటలేదు.

ఒకే జిల్లా, మూడు పరిభాషలు

రాయచూరు 1956 వరకు హైదరాబాద్ రాజ్యంలో ఉన్న జిల్లా. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూలో ఉన్నత విద్య నేర్పడానికి పూనుకుంది. అందుకై 1917లోనే దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థ ఏర్పడింది. లాటిన్, గ్రీకు పదాలకు అరబ్బీ, పారశీక ధాతువుల నుంచి వందల కొద్దీ పదాలు అక్కడ సిద్ధమయ్యాయి. త్రిభుజం ముసల్లస్ అయింది, కోణం జావియా అయింది, ఉష్ణం హరారత్ అయింది. ఇంట తెలుగో కన్నడమో మాట్లాడే పిల్లలు 1948కి ముందు ఉన్నత పాఠశాలలో ప్రధానంగా ఈ పదాలతోనే శాస్త్రం నేర్చుకున్నారు.

అదే హైదరాబాద్ నగరంలో 1906లో మరొక ప్రయత్నం మొదలైంది. కొమర్రాజు వేంకట లక్ష్మణరావు, గాడిచర్ల హరిసర్వోత్తమరావు, రావిచెట్టు రంగారావు ప్రభృతులు విజ్ఞాన చంద్రికా మండలిని స్థాపించి చరిత్రతో పాటు శాస్త్ర గ్రంథాలను కూడా తెలుగులో వెలువరించారు. ఆచంట లక్ష్మీపతి జీవశాస్త్రము ఆ పరంపరలోనిదే. దారి చూపినవారు లేని కాలంలో ప్రతి పదం ముందూ ఆగి, దీనిని తెలుగులో ఏమనాలి అని వారు ఆలోచించవలసి వచ్చింది. 1968లో హైదరాబాద్‌లో ఏర్పడిన తెలుగు అకాడమీ ఆ పనిని పారిభాషిక పదకోశాల రూపంలో కొనసాగించింది.

1948 తరువాత ఉర్దూ బోధన తొలగింది. 1956లో రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ జరిగినప్పుడు గద్వాల, అలంపురం తాలూకాలు ఆంధ్రప్రదేశ్‌లోకి, మిగిలిన రాయచూరు జిల్లా నాటి మైసూరు రాష్ట్రంలోకి వెళ్ళాయి. తుంగభద్ర కాలువల క్రింద తీరాంధ్రం నుంచి వచ్చి స్థిరపడిన రైతు కుటుంబాలు సింధనూరు, మాన్వి ప్రాంతాల క్యాంపులలో తెలుగును నిలుపుకున్నాయి. ఇలా ఒకే కుటుంబంలో తాత ముసల్లస్ అని, తండ్రి త్రిభుజమని, మనుమడు ట్రయాంగిల్ అని నేర్చుకున్న ఇళ్ళు ఈ సీమలో కనిపిస్తాయి. మూడు మాటలలోనూ మూడు అన్న అంకె ఉంది. గీతలు మూడే, కోణాలు మూడే. పేరు మారినంత మాత్రాన తాత చదువు మనుమనికి పరాయిది కాలేదు.

పొలంలోను, ఇంటిలోను

1753లో స్వీడన్ ప్రకృతి శాస్త్రవేత్త లిన్నేయస్ మొక్కలకు రెండేసి మాటల పేర్లు స్థిరపరిచాడు. అవి ఈ జిల్లా పొలాలన్నింటా పరచుకొని ఉన్నాయి. వరి 'ఒరైజా సటైవా'. సటైవా అంటే విత్తి పండించేది. ఒరైజా గ్రీకు మాటే గాని, అది తూర్పు దేశాల నుంచి అక్కడికి చేరినదే. సంస్కృత వ్రీహి దాని మూలమని కొందరు, ద్రావిడ భాషల అరిసి అని కొందరు వాదించారు. పొద్దుతిరుగుడు 'హీలియాంథస్ ఆన్యువస్'. హీలియోస్ సూర్యుడు, ఆంథోస్ పువ్వు, ఆన్యువస్ ఏడాది బతుకు గలది. తెలుగు రైతు పెట్టిన పేరు పొద్దును చూసే దాని తీరును కూడా చెబుతోంది.

వేరుశనగ పేరు మరింత రుచికరం. అది 'అరాకిస్ హైపోజియా'. హైపో అంటే క్రింద, గయా అంటే భూమి. పూవు పైన పూస్తుంది. పూత రాలిన తరువాత ఊడ నేలలోకి దిగి అక్కడ కాయ అవుతుంది. కాయ వేరుకు కాయదు కనుక ఇక్కడ గ్రీకు పేరే కచ్చితమైనది. ఆ హైపోను గుర్తుంచుకున్నవారికి చర్మం క్రింద ఇచ్చే హైపోడెర్మిక్ సూది అర్థమవుతుంది. ఆ గయాను గుర్తుంచుకున్నవారికి జియాలజీ, జియోగ్రఫీ అర్థమవుతాయి. 2009లో రాయచూరులో వ్యవసాయ విజ్ఞాన విశ్వవిద్యాలయం ఏర్పడింది. అక్కడ చదవబోయే రైతుబిడ్డకు ఈ పేర్లు తన పొలంలోని పైర్లవేనని ముందే తెలిసి ఉండడం మంచిది.

కృష్ణ ఒడ్డున శక్తినగర్‌లో 1985లో మొదటి యూనిట్ ప్రారంభమైన థర్మల్ విద్యుత్ కేంద్రం సంగతీ ఇంతే. గ్రీకు 'థెర్మోస్' అంటే వేడి. సంస్కృత ఘర్మం, పారశీక గర్మ్ దానికి దాయాదులు. రాయచూరు బస్టాండులో గరం చాయ్ అని వినిపించే కేకలోను, విద్యుత్ కేంద్రం పేరులోను ఉన్నది ఒకే వేడి.

బంధుత్వానికి ఒక హద్దు

ఇన్ని పోలికలు ఎలా వచ్చాయన్న ప్రశ్నకు 1786లో కలకత్తాలో విలియం జోన్స్ చేసిన ప్రసంగం దారి చూపింది. సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలం నుంచి చీలిన భాషలని ఆయన ప్రతిపాదించాడు. పంచ, పెంటా, సప్త, సెప్టెమ్, అష్ట, ఆక్టో, దశ, డెకా అన్న అంకెలు అందుకు సాక్ష్యాలు. హృదయానికి కార్డియా, దంతానికి డెంటల్, అస్థికి ఆస్టియో, పాదానికి ఆర్థ్రోపొడాలోని పొడ్, విషానికి వైరస్ ఆ బంధుత్వం వల్లనే దగ్గరయ్యాయి.

అయితే తెలుగు ఈ కుటుంబానికి చెందినది కాదు. తెలుగు, కన్నడ, తమిళ భాషలు వేరే కుటుంబానివని 1816లో ఎఫ్. డబ్ల్యు. ఎల్లిస్ నిరూపించాడు. మనకు ఈ చుట్టరికం సంస్కృతం నుంచి తెచ్చుకున్న మాటల ద్వారా కలిగినదే. కనుక ధ్వని కలిసిన ప్రతి మాటనూ చుట్టమని కౌగిలించుకోకూడదు. జామెట్రీకి జ్యామితి అన్న పేరు చక్కగా అమరింది. అమరకోశం భూమి పేర్లలో జ్యాను కూడా లెక్కించింది. మితి అంటే కొలత. కాని ఇందులో 'జ్యా'కు, గ్రీకు 'గయా'కు చుట్టరికం లేదు. పేరు కూర్చిన పండితుని నేర్పు మాత్రమే ఉంది. నిజమైన పోలిక ఏదో, తోచిన పోలిక ఏదో విడదీయగలగడం కూడా శాస్త్రం నేర్పే బుద్ధియే.

తాళపుచెవి

ఇప్పుడు మొదట చెప్పుకున్న గోడ దగ్గరకు తిరిగి వెళ్ళవచ్చు. ఫోటో అంటే కాంతి, సిన్ అంటే కలిపి, థెసిస్ అంటే ఉంచడం. తెలుగు బడి దీనినే కిరణజన్య సంయోగక్రియ అని నేర్పింది. కన్నడ బడి ద్యుతిసంశ్లేషణె అని నేర్పింది. తెలుగులో చదివిన పిల్లవాడు మాట లోపలి అర్థాన్ని ముందే చేతబట్టుకొని వచ్చాడు. అతనికి కొత్తగా కావలసింది పై తొడుగు మాత్రమే. ఇంగ్లీషు మాధ్యమంలో చదివిన పిల్లవానికి తొడుగు చిన్ననాటనే దొరికింది. లోపల ఏముందో ఎవరైనా విప్పి చూపితే తప్ప అతనికీ తెలియదు. ఏథెన్సు, రోము అంగళ్ళలో సామాన్యులు వాడిన నీరు, పులుపు, బొగ్గు, వేడి వంటి మాటలే నేడు పండితుల పుస్తకాలలో దర్పంగా కూర్చున్నాయి.

తరగతి గదిలో నల్లబల్ల మూల రోజుకొక ధాతువు రాసి, దానికి తెలుగు, కన్నడ, ఇంగ్లీషు రూపాలు పక్కపక్కన పెడితే రెండు వందల పనిదినాలలో రెండు వందల ధాతువులు అవుతాయి. వాటితో వేల పదాలు విడిపోతాయి. దీనికి ఖర్చు సుద్దముక్క ఒక్కటే. ఇంటి భాషను మరచిపొమ్మని కాక, దానినే మెట్టుగా వాడుకొమ్మని చెప్పే ఉపాధ్యాయుడు ఉంటే చాలు. ఇసుకలోని తెల్లని రేణువులు తమకు తెలిసిన కొలిమిలో కరగలేదని ఒకప్పుడు వాటిని చిన్న వెండి అని పారవేశారు. తరగతి వెనుక వరుసలో మౌనంగా కూర్చున్న పిల్లవాని విషయంలో అటువంటి తొందరపాటు జరగకుండా చూసుకోవడమే ప్లాటినం పండుగ జరుపుకొనే పాఠశాలకు తగిన సంకల్పం.